ఫైబర్ రాని తోటకు రేడియో లింకుతో ఇంటర్నెట్: సర్వే నుంచి వానాకాలం దాకా

హైదరాబాద్ చుట్టూ చేవెళ్ల, యాచారం, కందుకూరు వైపు తోటలు, కోళ్ల ఫారాలు, నర్సరీలు పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఫైబర్ రాని చోటికి ఇంటర్నెట్ ఎలా? మెయిన్ రోడ్డు దాకా ఫైబర్ ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి అయిదారు కిలోమీటర్లు. కేబుల్ వాళ్లు "అంత దూరం లాగలేమండీ" అంటారు, ఫోన్ సిగ్నల్ ఒక గీత. అలాంటి చోటికి రెండు డిష్‌లతో ఇంటర్నెట్ ఎలా తీసుకెళ్లాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం. ఫైబర్ ఉన్న చోట డాబా మీద ఒక డిష్ (దీన్నే కింద పట్నం వైపు అంటున్నాం), తోటలో ఇంకొకటి, రెండూ ఎదురెదురుగా. లెక్కలన్నీ 6 కిలోమీటర్ల లింకుకు, 5.8 గిగాహెర్ట్జ్‌కు వేసినవి. మీ దూరాన్ని బట్టి మార్చుకోండి.

చాలామంది ముందు రేడియోలు కొని, తర్వాత డాబా ఎక్కి చూస్తారు. అక్కడే డబ్బు పోతుంది. దారి, ఎత్తు తేలేదాకా ఒక్క స్క్రూ కూడా కొనకండి.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

మన దేశంలో 5150–5350, 5470–5725, 5725–5875 మెగాహెర్ట్జ్ బ్యాండ్లను 2018 అక్టోబరులో లైసెన్సు అవసరం లేకుండా వదిలారు. బయట పెట్టే లింకులకు 5725–5875 అనుకూలం. ఇక్కడ యాంటెన్నా నుంచి ఒక దిక్కుకు వెళ్లే మొత్తం శక్తి, అంటే ఈఐఆర్‌పీ, 36 డీబీఎం (రేడియో శక్తి కొలత) దాటకూడదు. పక్కవాళ్ల రేడియో మీ లింకును చెడగొడుతోందని ఫిర్యాదు చేసే హక్కు ఈ బ్యాండ్‌లో ఎవరికీ లేదు. సర్దుకుపోవాల్సిందే.

- కొనే రేడియోకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ, అంటే ఆ మోడల్‌కు ఆమోదం, ఉందా? బిల్లుతో పాటు ఆ కాగితం కూడా అడగండి.
- మీ కనెక్షన్‌ను మీదే అయిన మరో చోటికి తీసుకెళ్లడానికి ఇంటర్నెట్ కంపెనీ ఒప్పుకుంటుందా? రాతపూర్వకంగా తీసుకోండి.
- ఊళ్లోవాళ్లకు డబ్బు తీసుకుని ఇవ్వాలనుకుంటే టెలికాం శాఖ నుంచి ఇంటర్నెట్ సర్వీసు ఇచ్చే అనుమతి (ఐఎస్‌పీ లైసెన్సు) ఉండాలి. లేకుండా మొదలుపెట్టకండి.
- అపార్ట్‌మెంట్ డాబా అయితే అసోసియేషన్ తీర్మానం కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద పైపు నిలబెడితే, కమిటీ మారిన రోజు అది దిగిపోతుంది.

## 2. దారి చూడటం

రెండు చోట్లా ఫోన్‌లో లొకేషన్ తీసుకోండి. గూగుల్ ఎర్త్‌లో రెండింటినీ గీతతో కలిపి ఎలివేషన్ ప్రొఫైల్ తెరవండి. నేల ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. చెట్లు, ఇళ్లు, కోళ్ల షెడ్లు, నీళ్ల ట్యాంకులు అందులో ఉండవు. వాటి కోసం ఆ గీత వెంట బండి మీద తిరగాల్సిందే.

తిరిగేటప్పుడు ఇవి రాసుకోండి:

- దారిలో అన్నిటికన్నా ఎత్తైన నేల ఎక్కడుంది, ఒక చివర నుంచి ఎంత దూరం
- దాని మీద చెట్ల ఎత్తు. పక్కనున్న కరెంటు స్తంభంతో పోల్చి అంచనా వేయండి
- జామాయిల్, సుబాబుల్ తోటలు. ఇవి రెండేళ్లలో పైకి లేచి దారి మూసేస్తాయి
- కొత్త వెంచర్లు. ఇవాళ ప్లాట్ల రాళ్లు పాతిన చోట రేపు నాలుగంతస్తులు లేవొచ్చు

తర్వాత కంటితో రుజువు చేసుకోవాలి. ఎండ బాగా ఉన్న పూట తోటలో ఒకరు, పట్నం వైపు డాబా మీద ఒకరు నిలబడండి. ఒకరు చేతి అద్దంతో ఎండను అవతలి వైపు కొట్టాలి. ఆ మెరుపు 6 కిలోమీటర్లలో బైనాక్యులర్‌కు స్పష్టంగా అందుతుంది. పొగమంచు రోజు ఈ పని పెట్టుకోకండి.

మెరుపు కనిపించిందంటే చూపు దారి ఉన్నట్టే. రేడియోకు మాత్రం అది ఒక్కటే సరిపోదు. ఎందుకో కింది లెక్కలో తెలుస్తుంది.

## 3. ఎత్తు లెక్క: అసలు మెలిక ఇక్కడే

రేడియో తరంగం దారంలా సన్నగా వెళ్లదు. దోసకాయలా మధ్యలో ఉబ్బి వెళ్తుంది. ఆ ఉబ్బును ఫ్రెనెల్ జోన్ అంటారు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి.

మధ్యలో దాని వ్యాసార్ధం తెలియాలంటే: ఫ్రీక్వెన్సీని గిగాహెర్ట్జ్‌లో తీసుకుని నాలుగుతో గుణించండి. కిలోమీటర్లలో ఉన్న దూరాన్ని దానితో భాగించి, వర్గమూలం తీసి, 17.32తో గుణించండి. జవాబు మీటర్లలో వస్తుంది.

5.8 గిగాహెర్ట్జ్‌కు, ఖాళీగా ఉండాల్సిన 60 శాతం ఇంత:

- 1 కి.మీ.: 2.2 మీటర్లు
- 3 కి.మీ.: 3.7 మీటర్లు
- 6 కి.మీ.: 5.3 మీటర్లు
- 10 కి.మీ.: 6.8 మీటర్లు

దీనికి భూమి వంపు కలపాలి. 6 కి.మీ.కు అర మీటరు, 10 కి.మీ.కు ఒకటిన్నర మీటరు.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు చివర్లా నేల 540 మీటర్ల మట్టంలో ఉంది. సరిగ్గా మధ్యలో 542 మీటర్ల మెరక, దాని మీద 8 మీటర్ల వేప చెట్లు. చెట్లు పెరగడానికి ఇంకో 2 మీటర్లు వదలండి. 2 + 8 + 2 + 0.5 + 5.3 = 17.8. అంటే మన గీత మధ్యలో 18 మీటర్ల ఎత్తున పోవాలి.

ఇది చూసి రెండు వైపులా 18 మీటర్ల టవర్లు వేయక్కర్లేదు. అడ్డు నడిమధ్యలో ఉంటే రెండు చివర్ల సగటు 18 అయితే చాలు. పట్నం వైపు అయిదంతస్తుల డాబా 18 మీటర్లు, దాని మీద 6 మీటర్ల పైపు: మొత్తం 24. అప్పుడు తోట వైపు 12 సరిపోతుంది. మోటారు గది పైన ట్యాంకు స్టాండు 6 మీటర్లు ఉంటే, దాని మీద 6 మీటర్ల పైపు. ఖర్చు సగానికి సగం తగ్గే చోటు ఇదే.

అయితే తక్కువ ఎత్తున్న చివర మళ్లీ చూసుకోవాలి. తోట నుంచి 200 మీటర్ల దగ్గర మన గీత 12.4 మీటర్ల ఎత్తున ఉంటుంది, దాని కింద దాదాపు 2 మీటర్లు ఖాళీ కావాలి. 10 మీటర్ల మామిడి చెట్టుతో ఇబ్బంది లేదు. తాటిచెట్టు ఉంటే గీత సూటిగా దాని తలలోంచి పోతుంది. గాలి వీచినప్పుడల్లా మట్టలు ఊగి సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంటుంది. పైపును పదడుగులు పక్కకు జరిపితే చాలాసార్లు ఆ ఒక్క చెట్టు తప్పుకుంటుంది.

మధ్యలో పెద్ద గుట్ట ఉంటే దాన్ని దాటాలని ఎత్తు పెంచుకుంటూ పోకండి. గుట్ట మీదే రిలే పెట్టండి. రిలే అంటే రెండు వేర్వేరు లింకులు, నాలుగు రేడియోలు, వేర్వేరు ఛానెళ్లు. ఒకే రేడియోను రిపీటర్‌గా వాడితే వేగం సగం అవుతుంది.

## 4. సిగ్నల్ ఎంత రావాలి

ఈ లెక్క కాగితం మీద ఉండాలి. డిష్ తిప్పేటప్పుడు మీకున్న గీటురాయి ఇదొక్కటే.

6 కి.మీ.లో 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 123 డీబీ పడిపోతుంది. సిగ్నల్ పెరుగుదల, తగ్గుదలను డీబీల్లో, డిష్ దాన్ని ఒక దిక్కుకు ఎంత పోగుచేస్తుందో డీబీఐల్లో చెబుతారు. 25 డీబీఐ డిష్ వాడితే రేడియో పవర్ 11 డీబీఎం పెట్టాలి; రెండూ కలిపి 36. అవతల మళ్లీ 25 డీబీఐ డిష్. 36 − 123 + 25 = −62 డీబీఎం. ఈ మైనస్ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. చిన్నచిన్న నష్టాలు పోను −64 వరకు వస్తే లింకు ఆరోగ్యంగా ఉన్నట్టు.

"పవర్ ఫుల్లుగా పెడితే?" అని అడుగుతారు. నిబంధన దాటుతుంది, పక్క లింకులకు రొద పెరుగుతుంది. మీ రేడియో వినికిడి మాత్రం మెరుగుపడదు. దానికి బదులు పెద్ద డిష్ పెట్టండి. 30 డీబీఐ డిష్ అయితే పవర్ 6కు తగ్గించినా −57 వస్తుంది, పైగా పక్కల నుంచి వచ్చే రొద కూడా తగ్గుతుంది. హైదరాబాద్ వైపు చూసే డిష్‌కు ఇది బాగా పనికొస్తుంది.

## 5. సామాను

రేడియోలు, రూటర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో, పైపులు, క్లాంపులు రాణిగంజ్‌లో, ఎర్తింగ్ సామాను కోఠి వైపు ట్రూప్ బజార్‌లో చూడండి.

- 25 నుంచి 30 డీబీఐ డిష్, రేడియో: రెండు సెట్లు, ఒకే మోడల్
- సర్జ్ ప్రొటెక్టర్లు (పిడుగుల వల్ల కేబుల్‌లోకి వచ్చే వోల్టేజీని ఎర్త్‌కు పంపేవి): 4, ప్రతి కేబుల్‌కు పైనొకటి కిందొకటి
- అవుట్‌డోర్ షీల్డెడ్ క్యాట్6 కేబుల్, మెటల్ కనెక్టర్లు
- రెండంగుళాల బీ క్లాస్ జీఐ పైపు: వైపుకొకటి. ఆరు మీటర్ల పైపు సుమారు 30 కిలోలు ఉంటుంది
- జీఐ స్టే వైరు (పైపును లాగి పట్టే తీగ), టర్న్‌బకిళ్లు (ఆ తీగ బిగువు సర్దే మరలు), వైరు క్లాంపులు: పైపుకు మూడు దిక్కులకూ
- ఎర్త్ రాడ్లు, 25×3 ఎం.ఎం. జీఐ పట్టీ
- ఎండకు తట్టుకునే నల్ల కేబుల్ టైలు. తెల్లవి ఒక్క ఎండాకాలంలో పెళుసెక్కి తెగిపోతాయి

కేబుల్ కొనేటప్పుడు ఒక తీగను బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. వెనక్కి ఇచ్చేయండి. రేడియోకు కరెంటు కూడా ఈ కేబుల్‌లోంచే వెళ్తుంది. వంద మీటర్ల రాగి కేబుల్‌లో 24 వోల్టుల్లోంచి దాదాపు రెండున్నర పోతుంది. పూత కేబుల్‌లో నాలుగు దాటుతుంది. ఆ తేడాకే రేడియో దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది.

## 6. బల్ల మీదే సెటప్ ముగించండి

డాబా మీద ఎండలో లాప్‌టాప్ స్క్రీన్ కనిపించదు. అంతా ఇంట్లోనే పూర్తి చేయండి.

1. రెండు రేడియోలకూ ఫర్మ్‌వేర్ ఒకే వెర్షన్ వేయండి.
2. దేశం "ఇండియా" ఎంచుకోండి.
3. పట్నం వైపు యాక్సెస్ పాయింట్ (లింకు ఇచ్చేది), తోట వైపు స్టేషన్ (దానికి కలిసేది). రెండూ బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే మధ్యలో కేబుల్ ఉన్నట్టే పనిచేసేలా.
4. ఐపీలు: రూటర్ 192.168.50.1, మొదటి రేడియో 192.168.50.2, రెండోది 192.168.50.3. రెండు రేడియోలకూ ఫ్యాక్టరీ ఐపీ ఒకటే ఉంటుంది. మార్చకుండా కలిపితే రెండూ కొట్టుకుంటాయి.
5. లింకుకు తాళంగా డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, గట్టి పాస్‌వర్డ్. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి.
6. దూరం గడిలో 6 కి.మీ. కన్నా కొంచెం ఎక్కువ, 7 పెట్టండి. తక్కువ పెడితే సిగ్నల్ బాగున్నా వేగం రాదు.
7. ఛానెల్ వెడల్పు మొదట 20 మెగాహెర్ట్జ్.

గదిలో పరీక్షించేటప్పుడు పవర్ అన్నిటికన్నా తక్కువకు తగ్గించి, డిష్‌లను ఎదురెదురుగా పెట్టకుండా పక్కకు తిప్పండి. సిగ్నల్ −40 చుట్టూ చాలు. రెండింటికీ పేర్లు, ఐపీలు స్టిక్కర్ మీద రాసి అంటించండి. పైకెక్కాక ఏది ఏదో గుర్తుండదు.

## 7. పైపు నిలబెట్టడం

పైపు పడితే ఎంత దూరం పోతుందో, దానికి ఒకటిన్నర రెట్ల లోపల 11 కేవీ లైను ఉంటే ఆ చోటు వదిలేయండి. ఇందులో రాజీ లేదు.

ఆధారం పైన మూడు మీటర్ల వరకు పైపు స్టే లేకుండా నిలుస్తుంది. అంతకు మించితే మూడు దిక్కులా, 120 డిగ్రీల ఎడంతో స్టే వైర్లు. ప్లాస్టిక్ ట్యాంకుకు గానీ పిట్టగోడ ఇటుకలకు గానీ కట్టకండి. స్లాబులో లేదా కాంక్రీటు పిల్లరులో యాంకర్ బోల్టు వేయాలి. బోల్టు వేసిన చోట వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ నింపకపోతే కింది ఫ్లాటులో చెమ్మ దిగుతుంది, గొడవ మీ దాకా వస్తుంది.

పైపు నిట్టనిలువుగా ఉండాలి. స్పిరిట్ లెవెల్‌ను రెండు వైపుల నుంచి పెట్టి చూడండి. పైపు వాలి ఉంటే, డిష్‌ను పక్కకు తిప్పినప్పుడు పైకీ కిందికీ కూడా కదులుతుంది. అప్పుడు గురి ఎన్ని గంటలైనా కుదరదు.

ఎక్కేవాళ్లకు హార్నెస్, హెల్మెట్. కింద ఇంకొకరు. ఉరుము వినిపిస్తే పని ఆపి దిగిపోవడమే.

## 8. కేబుల్, ఎర్తింగ్

కేబుల్ రేడియో నుంచి రూటర్ దాకా 100 మీటర్లు దాటకూడదు. రెండు చివర్లా ఒకే వరుస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రేడియోలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర జారిపోతాయి.

కోతులున్న చోట కేబుల్‌ను పైపు లోపలి నుంచి తీయండి, డాబా మీద పీవీసీ గొట్టంలో నడిపించండి. వేలాడే కేబుల్ కనిపిస్తే అవి పట్టుకుని ఊగుతాయి.

హైదరాబాద్ చుట్టూ నేల కింద గ్రానైట్. పైన రెండడుగుల మొరం, తర్వాత బండ. రాడ్ దిగదు, దిగినా రెసిస్టెన్స్ ఎక్కువ. రెండు మూడు రాడ్లను వాటి పొడవంత ఎడంగా వేసి పట్టీతో కలపండి, చుట్టూ బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపండి. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 10 ఓమ్‌ల లోపు రావాలి.

ఈ ఎర్త్‌ను ఇంటి ఎర్త్‌తో తప్పకుండా కలపండి. విడిగా వదిలేస్తే, పిడుగు దగ్గరలో పడినప్పుడు రెండింటి మధ్య వచ్చే వోల్టేజీ మీ కేబుల్ గుండా రూటర్‌లోకి పోతుంది. నేరుగా పడే పిడుగును ఏ సర్జ్ ప్రొటెక్టరూ ఆపదు. చుట్టుపక్కల పడేవాటి నుంచి మాత్రం రేడియో దక్కుతుంది.

## 9. డిష్ గురి కుదర్చడం

ఈ పనికి పొద్దున పూట పెట్టుకుని, రెండు గంటలు కేటాయించండి. రెండు వైపులా ఒక్కొక్కరు, ఫోన్ స్పీకర్‌లో. అంకెలు ఒక్కరే చదవాలి.

రఫ్ గురి. మ్యాప్ నుంచి దిక్కు డిగ్రీల్లో తీసుకోండి. కంపాస్‌ను ఇనుప పైపుకు మూడు మీటర్ల దూరంగా పట్టుకుని చూడండి. పక్కన పట్టుకుంటే ముల్లు పైపు వైపే తిరుగుతుంది. ఆ దిక్కులో దూరంగా కనిపించే గుర్తు, ఒక నీళ్ల ట్యాంకో సెల్ టవరో, ఎంచుకుని డిష్‌ను అటు పెట్టండి.

ఎత్తు కోణం. అవతలి చివర 30 మీటర్లు కింద ఉన్నా, 6 కి.మీ.లో కోణం డిగ్రీలో మూడో వంతు కూడా రాదు. కాబట్టి డిష్ మట్టంగానే ఉండాలి. తోట పల్లంలో ఉందని కిందికి వంచేయడం అందరూ చేసే తప్పు.

పక్కలకు వెతకడం. ఒక వైపు డిష్‌ను కదలకుండా ఉంచి, రెండో వైపు తిప్పండి. నట్లు అర బిగువులో ఉండాలి. ఒక డిగ్రీ కదపండి, చేతులు తీసేయండి, అయిదు సెకన్లు ఆగండి, అంకె చదవండి. తెర మీద అంకె ఆలస్యంగా మారుతుంది. ఆగకుండా తిప్పితే శిఖరం దాటిపోయినట్టు కూడా తెలియదు.

దొంగ శిఖరం. ప్రతి డిష్‌కూ ప్రధాన పుంజానికి రెండు పక్కలా చిన్న పుంజాలు ఉంటాయి. అక్కడ కూడా సిగ్నల్ పెరిగి తగ్గుతుంది. "కుదిరింది" అనిపిస్తుంది, నట్లు బిగించేస్తారు. మన లెక్క −64, తెర మీద −80 ఉంటే మీరు పక్క పుంజం మీద ఉన్నారు. ఇంకా పది పదిహేను డిగ్రీలు రెండు వైపులా వెతకండి. అసలు శిఖరం దొరికే క్షణంలో అంకె ఒక్కసారిగా పైకి దూకుతుంది.

నడిమధ్య పట్టడం. శిఖరం దగ్గర అంకె చాలాసేపు ఒకేలా ఉంటుంది. కాబట్టి ఎడమకు తిప్పి 3 డీబీ పడిన చోట పైపు మీద మార్కర్ గీత పెట్టండి. కుడికి తిప్పి అలాగే ఇంకో గీత. రెండు గీతల మధ్యకు తెచ్చి ఆపండి. పైకీ కిందికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు అవతలి డిష్. తర్వాత మళ్లీ మొదటిది. ఇలా రెండు విడతలు.

బిగించడం. ఒకే నట్టును పూర్తిగా బిగిస్తే డిష్ ఆ వైపు లాగుకుని 2, 3 డీబీ పోతుంది. ఎదురెదురు నట్లను పావు చుట్టు చొప్పున మార్చిమార్చి బిగించండి, ప్రతిసారీ అంకె అడగండి. చివర నట్టు మీదా బ్రాకెట్ మీదా కలిపి ఒక మార్కర్ గీత గీయండి. ఆర్నెల్ల తర్వాత కదిలిందో లేదో ఆ గీతే చెబుతుంది.

దిగే ముందు:

- సిగ్నల్ లెక్కకు 3–4 డీబీ లోపల ఉందా?
- రెండు చైన్ల (రేడియోలో సిగ్నల్ నడిచే రెండు దారుల) మధ్య తేడా 3 డీబీ లోపేనా?
- రెండు వైపుల నుంచీ చూసిన అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయా?

## 10. ఛానెల్, వేగం

స్పెక్ట్రమ్ స్కాన్, అంటే ఏ ఛానెల్‌లో ఎంత రొద ఉందో రేడియోతోనే చూడటం, రెండు చివర్లా చేయండి. తోటలో గాలి నిశ్శబ్దంగా ఉంటుంది, పట్నం డాబా మీద రొద. పట్నం వైపు ఖాళీగా ఉన్న ఛానెలే మీ ఛానెల్. స్కాన్ రాత్రి ఎనిమిది తర్వాత ఇంకోసారి చేయండి. అందరూ ఇంట్లో ఉండే వేళ అసలు పరిస్థితి కనిపిస్తుంది.

సిగ్నల్‌కూ రొదకూ తేడా 25 డీబీ పైన ఉంటే 40 మెగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. 11ఏసీ తరం వైఫై మీద నడిచే రెండు చైన్ల రేడియో 40 మెగాహెర్ట్జ్‌లో గరిష్ఠంగా 400 ఎంబీపీఎస్ చూపిస్తుంది. చేతికొచ్చేది దాదాపు సగం. వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌ను రెండు వైపులా పది నిమిషాలు నడపండి, పింగ్ వెయ్యి ప్యాకెట్లు పంపండి. ఒక్కటి పోయినా కారణం వెతకండి.

## 11. తోటలో కరెంటు లేకపోతే

రేడియో 8 వాట్లు, రూటర్ 6 వాట్లు అనుకుంటే రోజుకు 336 వాట్-అవర్లు. నష్టాలు కలిపి 440. మబ్బులు కమ్మే జూలై, ఆగస్టులను దృష్టిలో పెట్టుకుని 150 వాట్ల ప్యానెల్ వేయండి. రెండు రోజుల నిల్వకు 12 వోల్టుల 150 ఏహెచ్ లెడ్ యాసిడ్ లేదా 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. బ్యాటరీ పెట్టె నీడలో ఉండాలి.

## 12. ఏది చెడితే ఎక్కడ చూడాలి

- వాన పడ్డప్పుడు, తర్వాత రెండు రోజులు కూడా తగ్గుతోంది: 5 గిగాహెర్ట్జ్‌ను వాన పెద్దగా ఆపదు. కనెక్టర్‌లో నీళ్లు చేరాయి.
- సిగ్నల్ బాగుంది, వేగం లేదు: ఛానెల్‌లో రొద, లేదా దూరం గడి తప్పు. పోర్టు 10 ఎంబీపీఎస్‌కు పడిపోయిందేమో కూడా చూడండి, క్రింపింగ్ చెడింది.
- మధ్యాహ్నాలు మాత్రమే ఆగిపోతోంది: ఇనుప డబ్బాలో రూటర్ వేడెక్కుతోంది. తెల్ల రంగు, గాలి రంధ్రాలు, రంధ్రాలకు సన్న జాలీ. జాలీ లేకపోతే చీమలు, బల్లులు చేరతాయి.
- ఒక చైన్ మాత్రమే పడిపోయింది: డిష్‌కూ రేడియోకూ మధ్య చిన్న కేబుల్ వదులైంది.
- నెలనెలా ఒకటి రెండు డీబీ తగ్గుతోంది: చెట్లు పెరిగాయి. మళ్లీ అద్దం పట్టుకుని ఎక్కండి.
- గాలివాన తర్వాత ఒక్కసారిగా 15 డీబీ పోయింది: డిష్ తిరిగింది. మార్కర్ గీతలు కలుస్తున్నాయో చూసి, మళ్లీ 9వ దశ నుంచి.

## 13. క్యాలెండర్

- ప్రతి ఆదివారం: సిగ్నల్, రొద, రెండు అంకెలు నోటుబుక్కులో.
- సంక్రాంతి అయ్యాక: డిష్‌కు, స్టే వైర్లకు చుట్టుకున్న మాంజా తీసేయండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.
- ఏప్రిల్ మొదట్లో, ఈదురుగాలులు రాకముందే: టర్న్‌బకిళ్ల బిగువు, నట్ల మీది గీతలు, ఎర్త్ జాయింట్ల తుప్పు.
- మే చివర: ఎర్త్ పిట్లలో నీళ్లు పోసి రెసిస్టెన్స్ మళ్లీ కొలవండి. కనెక్టర్ల మీద టేపు పగిలితే కొత్తది చుట్టండి.
- దసరాకు: దారిలో చెట్ల ఎత్తు. వానలకు ఎంత ఎదిగాయో ఆ నెలలోనే తేలుతుంది.